అడగకుండా నూరిన పెంకు

మంగళవారం పోస్టు బండి వచ్చి వెళ్ళగానే ఫెలిసీతా టోపీ పెట్టుకుని, నీళ్ళ సీసా, రెండు రొట్టెముక్కలు, వేయించిన పిన్యోన్ పైన్ గింజలు ఓ గుప్పెడు సంచిలో వేసుకునేది. ఇంటిదారి పట్టిన పాత కుండ పెంకుల వెనకాల నడవాలంటే ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేం. కొన్ని గట్టు కింద దాకా పోయి ఆగిపోతాయి. కొన్ని లోయలోకి దిగి, వాగు దాటి, అవతల గుట్ట మీద పాడుబడ్డ ఊళ్ళోకి పోతాయి. నత్త కంటే కాస్త నయం, తాబేలు కంటే అధ్వాన్నం. చేత్తో ఎత్తుకుని గబగబా తీసుకెళ్ళి పెట్టేస్తే పోలేదా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. ఎక్కడ పెడతాం? ఇల్లు తెలిసింది పెంకుకే కదా.

ఎర్రగట్టు కింద తవ్వకాల కేంద్రానికి ఎండాకాలం వచ్చిందంటే జనం. రిటైరైన టీచర్లు, బ్యాంకు వాళ్ళు, పిల్లల్ని వేసుకుని వచ్చిన దంపతులు. వారం రోజులు ఉంటారు. తాపీలు పట్టుకుని మట్టి గీకుతారు, జల్లెడ పడతారు, పాత టూత్‌బ్రష్షులతో పెంకులు తోముతారు, నడుములు పడిపోయేదాకా రాతి మీద మొక్కజొన్నలు నూరుతారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మట్టి మిద్దెలు కట్టుకున్న ఇక్కడి ఆదివాసులు, ప్యూబ్లో జనం, ఎలా బతికారో తెలుసుకుంటారు. గట్టు మీద ఆ జనం మనవల ఊరు, ఫెలిసీతా ఊరే, కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంటుంది, మట్టి పొయ్యిల పొగా వస్తూనే ఉంటుంది. అయినా ప్రతి వారం ఎవరో ఒకరు ఫెలిసీతాని అడగకుండా పోరు.

"వాళ్ళంతా ఎటు మాయమైపోయారమ్మా?"

"అన్నానికి పోయారండీ. రెండింటికల్లా వచ్చేస్తారు" అంటుంది ఆమె.

నవ్వేవాళ్ళు నవ్వుతారు. నోట్‌బుక్కులో రాసుకునేవాళ్ళు రాసుకుంటారు.

ఆ వచ్చినవాళ్ళలో పదిమందికొకరు వెళ్తూ వెళ్తూ ఓ పెంకుని జేబులో వేసుకుంటారు. ఆర్నెల్లకో పదేళ్ళకో అది పోస్టులో తిరిగొస్తుంది, వెంట ఓ ఉత్తరంతో. "క్షమించండి. ఇది ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి మా ఆయన మోకాలు బాగుపడటం లేదు" అని ఒకావిడ. "నా ముగ్గురు పిల్లల్లో ఒక్కరూ ఫోన్ చెయ్యరు. అది దీనివల్ల కాదని నాకు తెలుసు, అయినా పంపిస్తున్నాను" అని ఒకాయన. ఫెలిసీతా ఉత్తరాలన్నీ శ్రద్ధగా చదువుతుంది. తర్వాత పెంకుని బయటికి తెచ్చి వట్టి నేల మీద దించుతుంది. అది కాసేపు దిక్కు చూసుకుని బయల్దేరుతుంది.

కేంద్రం నడిపే ఇంగ్రిడ్‌ని ఊరంతా డాక్టరమ్మ అంటారు, జ్వరానికి మాత్ర కూడా ఇవ్వలేకపోయినా. ఆవిడ పెంకుల రిజిస్టరులో పొడవు, వెడల్పు, రంగు పక్కన "నడక దిశ" అని ఓ గడి కూడా పెట్టించింది. చాలా ఉపయోగమట.

ముక్కూ మొహం తెలియని జనం వెయ్యి మైళ్ళ దూరం నుంచి తప్పు ఒప్పుకుంటూ రాసిన ఆ ఉత్తరాలు చదివినప్పుడల్లా ఫెలిసీతాకి సిగ్గుగా ఉండేది. వాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చింది అంత ధైర్యం? తను కూర్చున్న కుర్చీకి పది అడుగుల దూరంలో, అద్దాల పెట్టెలో, తన తప్పు నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఉంది. దానికి చిన్న దీపం కూడా పెట్టారు.

అది ఆమె చేత్తో చేసిన నీళ్ళ బాన. తెల్లటి పూత మీద నల్లటి వాన గీతలు, సన్నగా, ఒకదానికొకటి తగలకుండా. లోపలికి వచ్చేవాళ్ళకి మొదట కనిపించేది అదే. "నేటికీ సజీవంగా ఉన్న విద్య" అని కింద రాసుంది. ఆ బాన మూలంగానే ఫెలిసీతాకి పేరొచ్చింది, ఇక్కడ పాఠాలు చెప్పే పనీ వచ్చింది. పొద్దున్నే తాళం తీసి వచ్చేసరికి మాత్రం బాన రోజూ వెనక్కి తిరిగి, తూర్పు అద్దానికి ఆనుకుని, లోయ వైపు చూస్తూ ఉంటుంది. ఫెలిసీతా పెట్టె తెరిచి దాన్ని మళ్ళీ ముందుకి తిప్పి పెడుతుంది.

"రోడ్డు మీద లారీల అదురు" అంటుంది డాక్టరమ్మ. పెంకులు నడవడం ఆవిడకి మామూలే. ఊళ్ళో చేసిన కొత్త కుండ ఎప్పుడూ కదలదు కాబట్టి ఇది మాత్రం లారీల పనే అని ఆవిడ లెక్క.

కొత్త కుండ కదలకపోవడానికి కారణం ఉంది. వట్టి మట్టితో చేస్తే కుండ పిడకల ఆవంలో పగిలిపోతుంది. పాత పెంకుని మెత్తగా నూరి ఆ పొడి మట్టిలో కలపాలి. అమ్మమ్మల అమ్మమ్మలు చేసిన కుండలు అలా కొత్త కుండల్లోకి వస్తూ ఉంటాయి. కాకపోతే అడగాలి. వాన వెలిశాక పొలంలో పైకి తేలిన పెంకుని చేతిలోకి తీసుకుని, చిటికెడు మొక్కజొన్న పిండి వదిలి, నాలుగు మాటలు అనాలి. ఆ మాటలు ఇక్కడ చెప్పేవి కావు. తర్వాత దాన్ని నేల మీద పెట్టి ఊరుకోవాలి. కదలకుండా ఉంటే ఒప్పుకున్నట్టు. నడిచి వెళ్ళిపోయిందా, దానికి వేరే పనుందన్నమాట, పోనివ్వాలి. ఒప్పుకుని వచ్చిన పెంకు ఎంత నూరినా, ఎన్ని కుండల్లో కలిసినా నిమ్మళంగా ఉంటుంది.

పంతొమ్మిదేళ్ళ కిందట పాడుబడ్డ ఊళ్ళో పదకొండో గది తవ్వింది సిప్రియానో. ఊరివాడే. తవ్వకాలకి మేస్త్రీ, పెంకులు కడిగే గది తాళం అతని నడుముకే ఉండేది. గది నేల మీద ఓ గిన్నె బోర్లించి ఉంది. అంచు ముక్క ఒకటి విరిగి పక్కనే పడుంది. గిన్నె కింద గుప్పెడు మొక్కజొన్న గింజలు. ఊరు ఖాళీ చేసి పోతూ ఏ ఇల్లాలో గింజల మీద గిన్నె బోర్లించి పోయింది. సిప్రియానో తాపీ పక్కన పడేసి, గిన్నె ముందు చతికిలబడి చాలాసేపు దాంతో మాట్లాడాడు. తర్వాత పైకొచ్చి, దీన్ని ఇక్కడి నుంచి కదపొద్దన్నాడు. పై వాళ్ళు వినలేదు. పట్నంలో పెద్ద మ్యూజియం వాళ్ళు రెండేళ్ళు పరిశీలించి ఇచ్చేస్తామన్నారు. "సరే, నిన్ను నేనే వెనక్కి తీసుకొస్తా" అని సిప్రియానో అందరి ముందూ గిన్నెకి మాటిచ్చాడు.

ఆ రోజుల్లో ఫెలిసీతాకి ఇరవయ్యారేళ్ళు. పెంకులు కడిగే పని. ఇంటి దగ్గర బానలు చేస్తే ఒకదాని వెనక ఒకటి ఐదు బానలు ఆవంలో పగిలిపోయాయి. ఆమె పిన్ని రోసెండా ఊళ్ళో పెద్ద పనిమంతురాలు, అంతకంటే పెద్ద నోరు.

"నీ పెంకుల్లో సత్తువ లేదే. గట్టి పాత పెంకు పడాలి" అంది పిన్ని. "నీ బానలు చూస్తే మా కుక్క కూడా జాలిపడుతోంది."

ఆ ఏడాది వానల్లేవు. పొలాల్లో పెంకులు తేలలేదు. ఓ మధ్యాహ్నం పళ్ళెంలో ఆ అంచు ముక్కని తోముతూ ఫెలిసీతా దాన్ని ఎండకి ఎత్తి చూసింది. బూడిదరంగులో, బిగువుగా, గోటితో కొడితే మోగేట్టు ఉంది. ఇది మా అమ్మమ్మల అమ్మమ్మది, పట్నం వాళ్ళ జిగురు సీసాకి ఎందుకు పోవాలి అనుకుంది. ఇంటికెళ్ళాక అడుగుదాంలే అనుకుని ఏప్రాన్ జేబులో వేసుకుంది. ఇంటికెళ్ళాక అడగలేదు. మర్చిపోయి కాదు. నేల మీద పెడితే అది నడిచి పోతుందని ఆమెకి తెలుసు. అందుకే దాన్ని నేలకి తగలనివ్వకుండా జేబులోంచి నేరుగా నూరుడు రాయి మీదకి వేసింది. ఆరో బాన ఆవంలోంచి గంటలా మోగుతూ బయటికి వచ్చింది.

గిన్నెని పెట్టెలో సర్దే రోజున ముక్క లేదు. గది తాళం సిప్రియానో దగ్గరుంది. గిన్నెని పంపొద్దని గొడవ పెట్టుకున్నదీ అతనే. "నేను తియ్యలేదు" అని ఒక్కసారి అన్నాడు. రెండోసారి అనలేదు. అతన్ని పనిలోంచి తీసేశారు. ఊళ్ళో అయితే, ఎవరో పాత వస్తువుల కొట్టువాళ్ళకి అమ్ముకున్నాడని అనుకున్నారు. ఎదురుగా ఎవరూ అనలేదు, అందుకే అతనికి బదులు చెప్పే వీలూ లేకపోయింది. ఫెలిసీతా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంది. ఈలోపల బానకి పేరొచ్చింది.

రోసెండా పిన్ని ఒకే ఒక్కసారి కేంద్రానికి వచ్చింది. అద్దాల పెట్టె ముందు నిలబడి, తూర్పుకి తిరిగి ఉన్న బానని ఎగాదిగా చూసింది.

"లారీలట" అంది ఫెలిసీతా, ఎటో చూస్తూ.

"ఓహో. లారీలా" అంది పిన్ని. మళ్ళీ అటు రాలేదు.

ఈ ఎండాకాలం రెండేళ్ళలో ఇస్తామన్న గిన్నె పంతొమ్మిదేళ్ళకి తిరిగొస్తోందని ఊరికి కబురొచ్చింది. శనివారం పొద్దున తెస్తారు. గవర్నరని పిలిచే ఊరి పెద్దా, మిగతా పెద్దలూ కూర్చుని మాట్లాడుకున్నారు. బోర్లించిన గిన్నెని మళ్ళీ దాని చోట పెట్టేటప్పుడు అనాల్సిన మాటలు ఊళ్ళో తెలిసినవాడు ఇప్పుడు ఒక్కడే మిగిలాడు, సిప్రియానో. కానీ దాని ముక్క దొంగిలించాడన్న పేరున్న చేత్తో దాన్ని ఎలా పెట్టిస్తారు? అతన్ని పిలవకుండానే కానిచ్చేద్దామని తేల్చారు. డెబ్బయ్యారేళ్ళవాడు. ఇప్పుడు కాకపోతే ఆ మాటలు అతనితోనే పోతాయి. ఈ సంగతి ఫెలిసీతా చెవినా పడింది.

బుధవారం మట్టి పొయ్యిలో కాల్చిన పెద్ద రొట్టె ఒకటి పట్టుకుని అతని ఇంటికి వెళ్ళింది. చెప్పేద్దామనే వెళ్ళింది. దారంతా మాటలు కూర్చుకుంది. సిప్రియానో వాకిట్లో కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు కలిపి దండ కడుతున్నాడు.

"రా అమ్మాయ్. ఏంటి, రొట్టె పట్టుకొచ్చావు? నేను పోయానని ఎవరైనా చెప్పారా?"

"ఊరికే బాబాయ్. పొద్దున కాల్చాను."

"కూర్చో, ఆ తొడిమలు అందుకో. మీ పిన్ని బాగుందా? ఇంకా ఊరందరినీ తిడుతోందా?"

"తిడుతోంది."

"అయితే బాగున్నట్టే."

కాసేపు మిరపకాయల గురించి మాట్లాడారు. ఈ ఏడు కారం ఎక్కువని అతనన్నాడు. అవునని ఆమె అంది. భార్య అసెన్సియోన్ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ శాలువా ఇంకా తలుపు పక్కన కొక్కేనికే వేలాడుతోంది. ఫెలిసీతా దాని వైపు చూడకుండా ఉండటానికి చాలా అవస్థ పడింది.

"శనివారం..." అంది చివరికి.

"విన్నాను. వస్తోందటగా."

"నువ్వు రావా బాబాయ్?"

"నేనెందుకులే. శుభమా అని అది ఇంటికొస్తుంటే దొంగ ఎదురు రావడం ఏం బాగుంటుంది?" నవ్వుతూనే అన్నాడు. చేతులు మాత్రం దండ కట్టడం ఆపేశాయి. "ఒక్కటే బాధ అమ్మాయ్. నేను తీసుకొస్తానని దానికి మాటిచ్చాను. మనుషులకిచ్చిన మాట అయితే ఏదో సర్దిచెప్పుకోవచ్చు."

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచింది. చెప్పాక తన మొహంలోకి అతను ఎలా చూస్తాడోనన్న భయం ఒక్కటే లోపలంతా నిండిపోయింది. "పొయ్యి మీద కూర పెట్టి వచ్చాను బాబాయ్" అని లేచింది. అతను కట్టిన దండ ఆమె మెడలో వేశాడు, ఇంట్లో వాడుకోమని. ఆ ఎర్రటి దండ మెడలో వేసుకుని ఊరంతా నడిచి ఇంటికి వచ్చింది. సందులో పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి, కూరా లేదు ఏమీ లేదు, వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

శనివారం పొద్దున కేంద్రం ముందు ఊరు ఊరంతా చేరింది. తవ్వకాలకి వచ్చిన పరాయి జనం టోపీలు తీసి వెనక నిలబడ్డారు. గవర్నర్ చేతిలో అధికారపు కర్ర. డాక్టరమ్మ చెక్కపెట్టె తెరిపించి, గిన్నెని తనే రెండు చేతులతో బయటికి తీసింది. అంచుకి బొటనవేలంత ఖాళీ. దాన్ని వట్టి నేల మీద దించి అందరూ వెనక్కి జరిగారు. అది నడుస్తుంది, వెనకాల పోదాం, దాని గది దగ్గర ఆగుతుంది, చెయ్యాల్సింది చేద్దాం. ఇంతే అనుకున్నారు.

గిన్నె కదల్లేదు.

పావుగంట చూశారు. అరగంట చూశారు. ప్రయాణం బడలికేమో అన్నారెవరో. డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి "నడక దిశ" గడిలో ఏం రాయాలో తెలియక కలం నోట్లో పెట్టుకుంది. గంట దాటింది. ఎండ చురచురలాడుతోంది.

"ముక్క లేకుండా ఇంటికెలా పోతుంది? దానికీ మర్యాదుండదూ?" అంది రోసెండా పిన్ని.

"ఆ ముక్క ఎవడికి అమ్మాడో సిప్రియానోనే పోయి అడగండి మరి" అన్నాడు గుంపులోంచి ఒకడు. నలుగురు తలలూపారు. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట పైకి వినపడటం అదే మొదటిసారి.

ఆ తలలూపడం ఫెలిసీతా చూసింది. లోపలికి వెళ్ళింది. అద్దాల పెట్టె తాళం తీసింది. బాన పొద్దున ముందుకి తిప్పి పెట్టింది కాస్తా అప్పుడే మళ్ళీ తూర్పుకి తిరిగి ఉంది. చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు దాన్ని పొట్టకి ఆనించుకుని బయటికి తెచ్చింది. జనం దారిచ్చారు. బాన ఎక్కడ జారిపోతుందోనని మెల్లగా వంగి గిన్నె పక్కన నేల మీద దించింది.

"ముక్క సిప్రియానో బాబాయ్ తియ్యలేదు. నేను తీశాను" అంది. "అడక్కుండా నూరేశాను. ఇందులో ఉంది."

బాన ఒక్కసారి తన చుట్టూ తను తిరిగింది. తర్వాత జానెడు ముందుకి జరిగి గిన్నెకి ఆనుకుంది. అప్పుడు గిన్నె కదిలింది.

రెండూ పక్కపక్కన బయల్దేరాయి. లోయ వైపు కాదు, ఊరి వైపు.

"అటు కాదే" అన్నాడు గవర్నర్, ఎద్దులతో అన్నట్టు. అవి వినలేదు. అందరూ వెనకాల నడిచారు. అరమైలు దారికి గంటన్నర పట్టింది. ఎవరో గొడుగులు తెచ్చారు, ఎవరో ముసలివాళ్ళకి కుర్చీలు మోసుకొచ్చి పది గజాలకోసారి వేస్తున్నారు. ఫెలిసీతా పక్కన ఎవరూ నడవలేదు. ముందు నడిచేవాళ్ళు వెనక్కి చూడలేదు, వెనక నడిచేవాళ్ళు ఆమె వీపునే చూస్తున్నారు. ఇన్నేళ్ళూ ఆమె భయపడింది దీనికే. సగం దారిలో రోసెండా పిన్ని ఆయాసపడుతూ వచ్చి పక్కన కలిసింది.

"నాకు అనుమానంగానే ఉండేది. లారీలంటే లారీలన్నాను" అంది. "నన్నూ తిట్టుకో."

గిన్నే బానా సిప్రియానో వాకిట్లోకి తిరిగాయి. అతను మిరపకాయల మధ్య కూర్చుని ఉన్నాడు. రెండూ నేరుగా వెళ్ళి అతని బూట్ల ముందు ఆగాయి. మాటిచ్చినవాడు తీసుకెళ్ళాలి కదా మరి. అది అంతదాకా ఎవరికీ తట్టలేదు.

"వచ్చావా" అన్నాడు గిన్నెతో. తర్వాత బానని చూశాడు. తర్వాత, చాలాసేపటికి, ఫెలిసీతాని.

ఆమె మళ్ళీ మొత్తం చెప్పింది. ఈసారి ఏదీ దాచలేదు. జేబులో వేసుకోవడం, నేలకి తగలనివ్వకపోవడం, బుధవారం రొట్టె పట్టుకుని ఎందుకొచ్చిందో, అన్నీ. అతను చేతిలోని మిరపకాయని గంపలో పెట్టాడు.

"అసెన్సియోన్ పోయే ముందు రోజు నన్ను దగ్గరికి పిలిచింది" అన్నాడు. గొంతు పెంచలేదు. "'నాతో నిజం చెప్పు, నువ్వు తియ్యలేదు కదా' అంది. నలభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి. తియ్యలేదన్నాను. సరే అంది. నమ్మిందో లేదో నాకు తెలీదు అమ్మాయ్. ఇంక తెలిసే దారీ లేదు."

ఫెలిసీతాకి క్షమించమనడానికి కూడా ముఖం చెల్లలేదు. సిప్రియానో లోపలికి వెళ్ళి, టోపీ పెట్టుకుని, పిండి సంచి నడుముకి కట్టుకుని వచ్చాడు. గవర్నర్ తన కర్రని రెండు చేతులతో పట్టుకుని తల వంచాడు. "తప్పయిపోయింది అన్నా. నువ్వే ముందు నడవాలి" అన్నాడు.

"పదండి, ఎండెక్కుతోంది" అన్నాడు సిప్రియానో.

లోయలోకి దిగి, వాగు దాటి, పదకొండో గది చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ సిప్రియానో ఏమన్నాడో, ఎలా పెట్టాడో చెప్పేది కాదు. చెప్పదగ్గది ఒక్కటే. గిన్నెని గింజల మీద బోర్లించడానికి ముందు అతను ఫెలిసీతా వైపు తిరిగాడు.

"అప్పుడు అడగలేదన్నావుగా. ఇప్పుడు అడుగు."

ఆమె చిటికెడు పిండి అడిగి తీసుకుని, వదిలి, ఆ నాలుగు మాటలూ అంది. పంతొమ్మిదేళ్ళ పాటు గొంతులో ఉండిపోయిన మాటలు. బాన నిమిషం ఆగింది. వద్దంటుందని ఆమెకి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అది మెల్లగా గది తవ్విన గోతి అంచుకి నడిచి, అక్కడ, ఎవరూ తాకకుండానే, గుడ్డు చిట్లినంత చప్పుడుతో పగిలింది. పెంకుల్లోంచి బూడిదరంగు పొడి చీమల బారులా బయటికి వచ్చి, గోతిలోకి దిగి, గిన్నె అంచు ఎక్కింది. అందరూ చూస్తుండగా ఖాళీ పూడిపోయింది. పైన ఫెలిసీతా సొంత మట్టి మిగిలింది, వాన గీతలున్న ఏడు ముక్కలుగా.

"అవి నీవి. తీసుకుపో" అన్నాడు సిప్రియానో, ఆమె వైపు చూడకుండా.

సోమవారం అతన్ని మళ్ళీ పనిలోకి పిలిచారు. పెంకుల వెనకాల నడిచే పని అతనికిచ్చారు. తాళాల గుత్తి డాక్టరమ్మ తనే తెచ్చి అతని చేతిలో పెట్టింది. సాయంత్రాల్లో గుట్ట మీద కూర్చుని, ఇద్దరు కుర్రాళ్ళకి ఆ మాటలు నేర్పడం కూడా మొదలుపెట్టాడు. ఫెలిసీతా పాఠాలు చెప్పడం మానేసి, మొదట్లోలాగే బ్రష్షు పట్టుకుని పెంకులు కడిగే బల్ల దగ్గర కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. వద్దనీ అనలేదు. అద్దాల పెట్టె ఖాళీగా ఉంది, దీపం ఆర్పేశారు.

ఆ ఏడు ముక్కల్నీ ఆమె పెరట్లో గోడ వారన నేల మీద పెట్టింది. మర్నాడు పొద్దున చూస్తే లేవు. వెతుక్కుంటూ పోతే సిప్రియానో గడప ముందు వరసగా ఉన్నాయి. అతను తలుపు తీసి వాటినీ ఆమెనీ చూసి, తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఏరుకుని తెచ్చుకుంది. ఆ మర్నాడు మళ్ళీ అంతే. ఇంకా మర్నాడూ అంతే. ఎవరికి బాకీ పడిందో మట్టికి తెలుసు, దానితో వాదించి లాభం లేదు. రోజూ తెల్లారగానే ఆమె అతని గడప దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి ఏడు ముక్కల్నీ ఏరుకుని, ఏప్రాన్‌లో వేసుకుని వస్తోంది. ఊళ్ళో ఎవరూ ఏమిటని అడగలేదు.

పన్నెండో రోజు ఆమెకి జ్వరం. లేవలేక లేచి, శాలువా కప్పుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళేసరికి బారెడు పొద్దెక్కింది. సిప్రియానో గడప మీద కూర్చుని ఉన్నాడు. ఏడు ముక్కలూ అతని ఒళ్ళో ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి వాన గీతలు కలిసేట్టు పేర్చి.

"ఇవి ఎప్పుడో వచ్చాయి. నువ్వే ఆలస్యం చేశావు" అన్నాడు.

"అవును బాబాయ్" అంది ఫెలిసీతా.

అతను గడప మీద కాస్త పక్కకి జరిగాడు.